పడుగు మీద పసుపు చుక్క

గబ్బిలాలను పుస్తకాల వాళ్లు పళ్లు చూసి, ముక్కు చూసి, నాలుక చూసి ఏ జాతికి ఆ జాతి వేరు చేస్తారట. ఎమ్మిగనూరులో మా మగ్గాల వీధివాళ్లం మాత్రం రెట్ట చూసి వేరు చేసేవాళ్లం. చదివేవాళ్లు ముక్కు మూసుకోనక్కర్లేదు. తెల్ల నూలు మీద బతికేవాళ్లకు పైనుంచి ఏది పడినా అది ఇంటి వ్యవహారమే. నల్లగా, ఎండిన గింజల్లా పడితే అది పురుగులు తినే చిన్న గబ్బిలం. దులిపితే పోతుంది. ఎర్రగానో ఊదాగానో జిగటగా పడి, అందులో పండు గింజలు కనిపిస్తే అది చింతతోపులో తలకిందులుగా వేలాడే పెద్దది, నక్క మూతిది. ఉతికితే సగం పోతుంది. పసుపుపచ్చగా, పలచగా, ఎవరో వేళ్లతో చిలకరించినట్టు చుక్కలు చుక్కలుగా పడితే అది పూలలో తేనె తాగేది. ఆ మరక ఎంత ఉతికినా పోదు. ఈ మూడో గబ్బిలం ఒకటుందని మా వీధికి తెలిసేలోపు ఒక మనిషి నోటిదగ్గరి కూడు పోయింది. ఆ సంగతే చెబుతాను.

నాది ఆదోని. మా తాతల నాటికి మేమూ నేతవాళ్లమే కానీ, మా నాయన మగ్గం వదిలేసి జిన్నింగు మిల్లులో పనికి చేరాడు. మిల్లు రేకుల కింద, దూలాల సందుల్లో గబ్బిలాలు కిటకిటలాడేవి. పొద్దున్నే ఆడకూలీలు దూది మీద పడ్డ నల్ల గింజలు ఏరి పారేశాకే పని మొదలయ్యేది. మా అమ్మ కూడా కొన్నాళ్లు ఆ పని చేసింది. కాబట్టి నాకు గబ్బిలమంటే ఒక్కటే. చిన్నది, కంపు కొట్టేది, నల్ల గింజలు వేసేది. అందులో రకాలుంటాయని ఎవరన్నా చెప్పి ఉంటే నవ్వేదాన్ని.

యాభైల నడుమ నాకు ఎమ్మిగనూరు సంబంధం కుదిరింది. తుంగభద్ర కాలువ నీళ్లు మా వైపుకు కొత్తగా వస్తున్న రోజులవి. మా అత్తగారింట్లో రెండు గుంట మగ్గాలు. మామ ఒక మగ్గం మీద, నా మొగుడు ఒక మగ్గం మీద కూర్చుంటే, మిగతా పనంతా అత్తది. అత్త నోరు పెద్దది. నన్ను చాలాకాలం "మిల్లుదూది పిల్ల" అనే పిలిచింది. పడుగు దగ్గరికి రానిచ్చేది కాదు. "పోగు తెంపుతావు, ఆడే ఉండు" అనేది. నాకు ఒళ్లు మండేది. అయినా నిజానికి నాకు పోగు ముడివేయడం కూడా చేతకాదు. అందుకని లాంతరు పట్టుకునే ఉద్యోగం ఇచ్చింది.

పడుగు పని చూడనివాళ్లకు ఇది కొంచెం చెప్పాలి. నేతకు ముందు నిలువు పోగులన్నీ కలిపి వీధి పొడుగునా చాపి, రెండు కొసలా గుంజలకు బిగించి కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వుతారు. ఎండెక్కితే గంజి ముందే బిగుసుకుపోయి పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి. అందుకని తెల్లవారుజామునే చాపుతారు. చీకటి ఉండగానే పడుగు బిగించి, వెలుగొచ్చేసరికి గంజి మొదలుపెట్టాలి. ఆ రెంటికీ నడుమ ఒకరు పడుగు వెంట నడుస్తూ తెగిన పోగులు వెతికి ముడివెయ్యాలి. మా వీధిలో ఆ పని ఒకావిడది.

ఆమెను మా అత్త అక్కా అని పిలిచేది కాబట్టి నాకు పెద్దత్త. చుట్టరికమేమీ లేదు, నాలుగిళ్ల అవతల ఉండేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. మగ్గం లేదు, పొలం లేదు. ఏ ఇంట్లో పడుగు చాపినా ఆమెనే పిలిచేవాళ్లు, జొన్నలో బియ్యమో కొలిచి ఇచ్చేవాళ్లు. ఆ పోగుల పనే ఆమెకు తిండి. తెగిన పోగును చీకట్లో వేళ్లతోనే పట్టుకునేది. నేను లాంతరు దగ్గరగా పెడితే, "ఎత్తి పట్టు తల్లీ, వేడికి పోగు వడిలిపోతాది" అనేది. నాతో మెత్తగా మాట్లాడిన మొదటి మనిషి ఆ వీధిలో ఆమే. అందుకు నాకామె అంటే ప్రాణం.

ఆమె ఇంటి గోడ పక్కన ఒక తెల్లబూరుగ చెట్టుండేది. మొగుడు బతికుండగా ఎక్కడినుంచో తెచ్చి నాటాడట, కాయ దూదితో దిండ్లు కుట్టుకుందామని. ఏళ్ల తరబడి ఏపుగా పెరగడమే గానీ పూత లేదు. నేను కాపురానికి వచ్చిన ఏడాది చలికాలంలో ఆకంతా రాల్చేసి, మొదటిసారి కొమ్మ కొమ్మకీ పూసింది. సాయంత్రం పూలు విచ్చుకుంటే వీధంతా విరిగిన పాల వాసన. కొమ్మలు వీధి మీదికి వాలి, సరిగ్గా మేం పడుగు చాపే చోటికి వచ్చేవి. పెద్దత్త చెట్టు కిందికొచ్చి నిలబడి పైకి చూసుకుని మురిసిపోయేది. "ఆయప్ప ఉంటే సూసుకోనుండె" అనేది.

ఆ పూత మొదలైన కొద్దిరోజులకే మా పడుగు మీద పసుపు చుక్కలు కనిపించాయి.

పంచెలకు చాపిన తెల్ల పడుగు అది. చీకట్లో ఎవరికీ ఏమీ తెలియలేదు. పెద్దత్త ఎప్పటిలాగే ఆ కొస నుంచి ఈ కొస దాకా తెగిన పోగులు ముడివేసుకుంటూ వచ్చింది. నేను లాంతరు పట్టుకుని వెనకే నడిచాను. వెలుగొచ్చాక మామ కుంచె తీసుకుని వంగి, వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. పడుగు నడుమ భాగంలో పసుపు చుక్కలు. కొన్ని ఇంకా తడిగానే ఉన్నాయి. అత్త వచ్చి చూసింది. చూసి పెద్దత్త వైపు తిరిగింది.

"ఏమక్కా, నీ చేతులు సూపీ" అంది.

పెద్దత్తకు అర్థం కాలేదు. రెండు చేతులూ చాపింది. వేళ్ల కొసలు పచ్చగా ఉన్నాయి. తడి చుక్కలున్న పోగుల్ని చీకట్లో తాకి తాకి అంటుకున్న మరక అది. కానీ అప్పుడది ఎవరికీ తట్టలేదు. మొగుడు పోయిన మనిషి, చేతులకు పసుపు, తెల్ల పడుగు మీద పసుపు నీళ్ల చుక్కలు. మా వీధికి అంతకంటే ఏం కావాలి? చేతబడి అన్నారు. ఎవరు ముందన్నారో చెప్పలేను, అందరి నోళ్లలోనూ ఒకేసారి పుట్టినట్టుంది.

"నేనెందుకు సేస్తా? మీ ఉప్పు తిని బతుకుతాండాను" అంది పెద్దత్త.

"మరి ఇది యాడనుంచి వచ్చినాది? ఆకాశంలోంచి రాలినాదా?" అంది అత్త.

అదే నిజమని ఆమెకేం తెలుసు!

మామ మంచివాడు. "ఏదన్నా పిట్ట రెట్టేసిందేమో సూడండి, ఊరికే మనిషిని అనకండి" అన్నాడు. పిట్ట రెట్టయితే తెల్లగా ఉండాలన్నారు పక్కింటివాళ్లు. గబ్బిలమేమో అన్నాడు మామ. గబ్బిలమైతే నల్ల గింజలుండాలన్నారు. అత్త నా వైపు తిరిగింది. "మీ మిల్లులో గబ్బిలాలు శానా ఉండాయంటివి గదా. పసుప్పచ్చగా యాడన్నా సూసినావా?" అని అడిగింది. లేదన్నాను. నేను చూసినదాంట్లో లేదు మరి. దాంతో గబ్బిలాల మాట అక్కడితో తెగిపోయింది. పెద్దత్త చేతులు చాపుకునే నిలబడి ఉంది. ఇక దించుకోవచ్చని ఆమెతో ఎవరూ అనలేదు.

మర్నాటి నుంచి ఆమెను ఎవరూ పనికి పిలవలేదు. పక్కవీధి నుంచి ఒకామెను పిలుచుకొచ్చారు. ఆమె ఒక పోగు ముడివేసేలోపు పెద్దత్త పది వేసేది. వీధంతా ఆలస్యం, గంజి బిగుసుకుపోవడం, మగవాళ్ల చిరాకు. ఇంత జరిగాక అయినా చుక్కలు ఆగిపోతే, సరే, అనుకోవచ్చు. ఆగలేదు. మా పడుగు మీద పడ్డాయి, ఎదురింటివాళ్ల పడుగు మీద పడ్డాయి. ఆమె ఇంట్లోంచి బయటికి రావడమే లేదు కదా, మరి ఇవెలా పడుతున్నాయి అని నేను అత్తనడిగాను. బుద్ధి ఉన్నవాళ్లెవరైనా అడుగుతారు.

"ఇంట్లోనే కూసోని సేస్తాంది. పగబట్టినాది" అంది అత్త.

బయటికొస్తే చేసిందంటారు, రాకపోతే ఇంట్లో కూర్చుని చేసిందంటారు. ఆ మాటను ఎక్కడ పట్టుకుని ఎక్కడ కొట్టాలి? నాకు ఏడుపొచ్చినంత కోపం వచ్చింది. కానీ కొత్త కోడల్ని, అందులోనూ మిల్లుదూదిని.

నాలుగిళ్ల అవతల పొయ్యి పొగ రావడం తగ్గిపోయింది. ఒకరోజు మధ్యాహ్నం అత్త కునుకు తీస్తుంటే చెంబులో సంగటి, పైన ఊరుబిండి పచ్చడి పెట్టుకుని వెళ్లాను. పెద్దత్త గడపలో కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుని ఉంది, పని లేని చేతులు. చెంబు చూసి తల అడ్డంగా ఊపింది.

"పనికి పిలిసి పెట్టు తల్లీ, తింటా. ఊరికే పెట్టొద్దు" అంది.

నేను చెంబు అక్కడే పెట్టి వచ్చేశాను. సాయంత్రానికి అది కడిగి మా అరుగు మీద ఉంది. తిన్నదో, పక్కింటి మేకకు వేసిందో నాకిప్పటికీ తెలియదు.

సంగతి తేలింది సున్నం వల్ల. మా అత్తకు తెల్లవారుజామున పడుగు కడుతూనే ఆకు వక్క నోట్లో పడాలి. చేతులకు నూలు ఉంటుంది కనుక ఆకుకు సున్నం రాసి చుట్టి ఇవ్వడం కూడా నా ఉద్యోగంలో భాగమే. ఆ రోజు బూరుగ కొమ్మల కింద నిలబడి, లాంతరు కింద పెట్టి, డబ్బీలోంచి వేలి మీద సున్నం తీశాను. అప్పుడే చెయ్యి వెనక వెచ్చగా ఏదో పడింది. గబుక్కున సున్నం వేలితోనే తుడిచేసుకున్నాను. లాంతరు వెలుగులో చూస్తే పచ్చటి మరక. నా మీద కూడా పడిందే అనుకున్నాను. ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది. సున్నం తగిలింది, మరి ఎర్రబడలేదేం?

పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందని ఆడపిల్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. దిష్టి తీసే ఎర్రనీళ్లు అలాగే కదా కలుపుతాం. అత్త వారానికొకసారి కలిపేది. వీధిలో ప్రతి ఇంట్లోనూ కలిపేవాళ్లు. అయినా ఇన్నాళ్లూ ఆ చుక్కలకు సున్నం రాసి చూద్దామని ఒక్కరికీ తోచలేదు. అవి పసుపేనని అంత గట్టిగా నమ్మేశాం.

నేను ఇంకేమీ ఆలోచించలేదు. పడుగు మీద తడిగా ఉన్న చుక్క ఒకటి వెతికి దాని మీద సున్నం రాసేశాను.

"పడుగు మీద సున్నమా! ఏమే, పిచ్చి పట్టినాదా నీకు?" అని అత్త ఒంటికాలి మీద లేచింది.

"కొట్టాలంటే తర్వాత కొట్టు అత్తా. ముందు ఇది ఎర్రగా అయినాదేమో సూడు" అన్నాను. ఆమెకు ఎదురు చెప్పడం అదే మొదలు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అత్త వంగి చూసింది. లాంతరు తీసుకుని ఇంకోసారి చూసింది. అది పచ్చగానే ఉంది. ఇంట్లోకి పోయి, వంటింటి పసుపు చిటికెడు నీళ్లలో కలిపి తెచ్చి, పనికిరాని నూలు కొస మీద తన చేత్తోనే చుక్క వేసింది. దాని మీద సున్నం రాసింది. రాసీ రాయకముందే ఎర్రగా మారిపోయింది. ఆ కొసను పడుగు మీది చుక్క పక్కన పెట్టుకుని అట్లాగే నిలబడింది. మామ వచ్చాడు. పక్కింటివాళ్లు వచ్చారు. ఆ కొసను ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని చుక్క పక్కన పెట్టి చూశారు.

"మరి ఇది ఏంది?" అన్నారెవరో.

నేను చెయ్యెత్తి పైకి చూపించాను. అప్పటికి తూర్పు కాస్త తెల్లబడింది. బూరుగ కొమ్మ మీద పూల గుత్తి ఒకటి ఊగింది. ఏదో వచ్చి దాన్ని పట్టుకుని తలకాయ పూవులో దూర్చి, రెప్పపాటు ఉండి, ఎగిరిపోయింది. ఇంకో గుత్తి మీద ఇంకొకటి. కుక్కపిల్ల మూతి, పెద్ద కళ్లు, గడ్డం కింద పచ్చగా పుప్పొడి. మిల్లులో చూసిన వాటికి దీనికి పోలికే లేదు. ఎగిరిపోతూ మా పడుగు మీద ఒక చుక్క వేసి మరీ పోయింది. అందరం చూశాం. ఒక్కరూ నవ్వలేదు.

చెట్టు కొట్టేద్దామన్నాడు ఎదురింటాయన. అత్త అతని వైపు తిరిగి, "ఆ సెట్టు మీద సెయ్యి ఏస్తే సూడు" అంది. అని తిన్నగా నాలుగిళ్ల అవతలికి నడిచింది. నేను లాంతరు పట్టుకుని వెంట పరుగెత్తాను, వెలుగొచ్చేసినా. గడప బయటే నిలబడి పిలిచింది. తప్పయిపోయిందనో, క్షమించమనో అంటుందని నేను ఎదురుచూశాను. ఆ మాటలు మా అత్త నోటికి అలవాటు లేవు.

"అక్కా, పోగులు తెగినాయి. రా" అంది.

పెద్దత్త లేచి కొంగు దోపుకుని వచ్చింది. వీధంతా రెండు వైపులా నిలబడి చూస్తోంది. పడుగు దగ్గరికి వచ్చి ఆగింది. సున్నం సంగతి దారిలోనే ఎవరో చెప్పేశారు. రెండు చేతులూ చాపి మా అత్త ముందు పెట్టింది.

"ముందు వీటికి సున్నం రాసి సూసుకో" అంది.

అత్త తల దించుకుంది. పెద్దత్త కాసేపు చూసి, చేతులు వెనక్కి తీసుకుని, పోగులు వెతకడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత మా వీధిలో కట్టుబాటు ఒకటి వచ్చింది. బూరుగ పూసినన్నాళ్లు పడుగు వీధి రెండో కొసన చాపేవాళ్లం. రెట్టల లెక్క కూడా అప్పుడే ఖాయమైంది, నల్లది, ఎర్రది, పచ్చది అని. నాకు అదో పిచ్చి పట్టుకుంది. ఎక్కడినుంచి ఎవరొచ్చినా పచ్చ చుక్క మీ వైపు పడుతుందా అని అడిగేదాన్ని. హాలహర్వి నుంచి వచ్చిన ఒకామె, కాలువ కింద కొత్తగా వేసిన అరటి తోటల్లో అరటిపువ్వు చుట్టూ తిరుగుతాయని చెప్పింది. పెద్దకడుబూరువాళ్లు ఎన్నడూ చూడలేదన్నారు, వాళ్లదంతా పత్తి, వేరుశనగ. ఆదోనిలో మా అమ్మనడిగితే కొండ కింద ఇప్పచెట్ల దగ్గర చూశానంది. నీళ్లు, పూలు ఎటు పోతే అటు పోతున్నట్టుందని నా లెక్క. నన్ను చూసి వీధిలో గబ్బిలాల కోడలని నవ్వేవాళ్లు. మిల్లుదూది కంటే అది నయమే అనుకున్నాను.

చాలా ఏళ్ల తర్వాత మా ముందు గదిలో జీవశాస్త్రం చెప్పే కాలేజీ లెక్చరరు ఒకాయన అద్దెకున్నాడు. ఆయనకు ఈ కథ చెబితే లావుపాటి పుస్తకం తెచ్చాడు. తేనె తాగేవాటిలో పొట్టి ముక్కుది ఒకటుందట, పండ్లూ తింటుంది తేనే తాగుతుంది, తాటాకుల కింద వేలాడుతుంది, దేశమంతా ఉంటుంది. పొడుగు నాలుకది ఇంకొకటట, అది గుహల్లో ఉంటుంది, ముఖ్యంగా తేనె మీదే బతుకుతుంది, కొన్ని చోట్లే ఉంటుంది. పుస్తకంలో పటముంటే చూశాను. రెండోదానికి మా వైపు గుర్తేమీ లేదు. "మీరు చూసినది ఏదమ్మా? నాలుక చూశారా?" అన్నాడు. ఆ పొద్దున మాకు నాలుక చూసే తీరిక ఎక్కడిది నాయనా అన్నాను. పొట్టి ముక్కుదే అయ్యుంటుందని ఆయన తేల్చేశాడు. అయ్యుండొచ్చు.

పెద్దత్త బతికినన్నాళ్లూ మా పడుగు పని మానలేదు. అందరి ఇళ్లకూ పోయేది, అందరితోనూ మాట్లాడేది. కాయ పగిలినప్పుడు బూరుగ దూది తీసి మా ఇంటికి దిండు కుట్టి ఇచ్చింది కూడా. అయితే ఒక్క పని మాత్రం విడవలేదు. మా ఇంటి పడుగు ముట్టుకునే ముందు రెండు చేతులూ చాపి అత్త ముందు పెట్టేది. మొదట్లో ఎత్తిపొడుపనుకున్నాం. తర్వాత పరాచికమనుకున్నాం. ఏళ్లు గడిచాయి, ఆ చేతులు వణకడం మొదలైంది, అయినా చాపేది. అత్త చూసి, ఊ అనాలి. అప్పుడే పోగు పట్టేది.

ఒకరోజు అత్త ఉండబట్టలేక ఆ చేతులు రెండూ పట్టుకుని తన కళ్లకు అద్దుకుని బోరుమంది. "సాలించక్కా ఇంగ. నీ కాళ్లు మొక్కుతా" అంది.

పెద్దత్తకు కోపమేమీ లేదు. నిజంగానే లేదు, నేను పక్కనే ఉన్నాను. అత్త కళ్లు తన కొంగుతో తుడిచింది.

"నేను కావాలని సేయడంలేదమ్మా" అంది. "ఆ పొద్దు సూపీ అన్నావు గదా. సూపించకుండా పడుగు ముట్టుకోవాలంటే ఇప్పటికీ భయమైతాది."